మేస్త్రీలు, టవర్లు, పది లక్షల మీటర్లు

ఉత్తరాంధ్రలో మన తాతల తరం వాళ్ళు రంగూన్‌ని రంగూన్ అనలేదు, "రంగం" అన్నారు. "ఫలానావాడు రంగం వెళ్ళాడు" అంటే కూలీనాలీ చేసుకోవడానికి సముద్రం దాటాడని అర్థం. 1989లో ఆ ఊరి పేరు అధికారికంగా యాంగోన్ అయింది. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ నగరంలో ఉన్న 4,00,415 మందిలో 2,12,929 మంది భారతీయులు. అంటే సగానికి పైన! ఓడరేవులో బస్తాలు మోసిన వాళ్ళలో, రిక్షాలు లాగిన వాళ్ళలో తెలుగువాళ్ళదే పెద్ద వాటా. బర్మావాళ్ళు వాళ్ళని "కోరంగీలు" అన్నారు. ఒకప్పుడు మన గోదావరి తీరాన పేరుమోసిన ఓడరేవు, 1839 తుపానులో దెబ్బతిన్న కోరంగి మీదుగా వచ్చిన పేరది.

ఆ వలస గురించి మన సంచికల్లో ఇదివరకు చాలామంది రాశారు. నా వృత్తి సాఫ్ట్‌వేరు కాబట్టి అదే ఊరిని నేను ఇంకో కోణంలోంచి చూడబోతున్నాను. రాబోయే వైర్‌లెస్ నెట్‌వర్కుల గురించి ఈ రోజుల్లో ఇంజనీర్లు తల పట్టుకుంటున్న సమస్య ఒకటుంది: లక్షలు, కోట్లు పరికరాలు (కరెంటు మీటర్లు, నీటి మట్టం కొలిచే గొట్టాలు, వీధి దీపాలు, వాన కొలిచే డబ్బాలు) ఒకే గాలిలో ఒకే టవరుతో మాట్లాడాలంటే ఎలా? వినడానికి ఇది కొత్త సమస్యే. కానీ "చాలామందిని ఒకే చోట ఎలా కలపాలి, కలిపేవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుంది" అన్న ప్రశ్నకి యాంగోన్ నగరం నూటపాతికేళ్ళుగా జవాబులు రాస్తూనే ఉంది. ఆ జవాబుల్లో కొన్ని మనవాళ్ళ చెమటతో రాసినవి.

మేస్త్రీ అనే మధ్యవర్తి

కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కిన కూలీకి రంగూన్‌లో యజమాని ఎవరో తెలియదు. అతనికి తెలిసింది మేస్త్రీ ఒక్కడే. ఊళ్ళోకి వచ్చి, ఓడ టిక్కెట్టుకీ ఇంటి ఖర్చుకీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేది మేస్త్రీ. పని చూపించేది, పడుకోవడానికి చోటు చూపించేది, వారం కూలి చేతిలో పెట్టేది కూడా మేస్త్రీయే. అతని మీద ఇంకో పెద్ద మేస్త్రీ, ఆ పైన కాంట్రాక్టరు, ఆ పైన ఓడల కంపెనీ.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే ఇంజనీరుకి వెంటనే అర్థమవుతుంది. వేలమంది కూలీలతో ఒక్కొక్కరి పేరూ, ఊరూ, భాషా తెలుసుకుని మాట్లాడే ఓపిక కంపెనీకి లేదు. అందుకని వంద మందిని ఒక్క మనిషిగా చూపించే మధ్యవర్తిని పెట్టుకుంది. మా భాషలో దాన్ని గేట్‌వే అంటాం. వంద చిన్న పరికరాల కబుర్లు ఒక డబ్బాలో పోగుచేసి, ఒకే కబురుగా పైకి పంపడమే దాని పని. చవక, తేలిక. పైవాడికి తలనొప్పి ఉండదు.

మరి కిందివాడికి? పైనుంచి వచ్చే కూలి ప్రతి మెట్టు దగ్గరా కొంచెం తరిగేది. అడ్వాన్సు తీరేదాకా కూలీ కదలడానికి లేదు. ఎంత తరిగిందో తెలుసుకునే దారి కూడా లేదు, ఎందుకంటే లెక్క పుస్తకం మేస్త్రీ దగ్గరే ఉంటుంది. రంగూన్‌లో వలస కూలీల వ్యవహారాలు చూసిన అధికారి ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో భారతీయ కూలీల మీద అచ్చువేసిన పుస్తకంలోనూ, 1931లో వచ్చిన విట్లీ కమిషన్ నివేదికలోనూ ఈ మేస్త్రీ పద్ధతి మీద విమర్శ ఉంది.

1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. తరవాత తెలుగువాళ్ళతో రాజీపడి, బర్మావాళ్ళని పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరి పొట్టలూ ఒకే పని మీద ఆధారపడ్డాయి. ఆ పని ఎవరికి ఇవ్వాలో తేల్చేది మాత్రం మూడోవాడు. మధ్యలో నిలబడ్డవాడు ఒక్క మాటతో ఒకరిని కలిపి ఇంకొకరిని తెంచగలిగితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఒకే తంతి ఆఫీసు, ఒకే కంపెనీ

యాంగోన్ నడిబొడ్డున పాన్సొడాన్ వీధిలో సెంట్రల్ టెలిగ్రాఫ్ ఆఫీసు భవనం ఇప్పటికీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే, 1905 ప్రాంతంలో, బర్మా తీరాన ఉన్న డైమండ్ దీవికీ అండమాన్లలోని పోర్ట్ బ్లెయిర్‌కీ మధ్య వైర్‌లెస్ తంతి నడిచింది. అంటే బంగాళాఖాతం మీదుగా తీగ లేకుండా కబురు పంపడం బర్మాకి వందేళ్ళ పైనాటి సంగతి.

కానీ సాంకేతికం ఉండడం వేరు, అది జనం చేతికి రావడం వేరు. స్వాతంత్ర్యం వచ్చాక, ముఖ్యంగా 1962లో సైన్యం గద్దె ఎక్కాక, ఫోను అనేది దొరల వస్తువుగానే మిగిలిపోయింది. ఆ తరవాతి ఏళ్ళలోనే దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం కాగా, లక్షల మంది భారతీయులు ఉన్నదంతా వదిలి వెనక్కి వచ్చారు. విశాఖలో బర్మా కాంపు అన్న పేరు ఆ జ్ఞాపకమే.

ఆ పైన నలభై ఏళ్ళు దేశమంతటికీ ఒకటే కంపెనీ, ప్రభుత్వానిదే: మయన్మా పోస్ట్స్ అండ్ టెలికమ్యూనికేషన్స్, పొట్టిగా ఎం.పి.టి. 2000 తరవాతి మొదటి ఏళ్ళలో అక్కడ ఒక సిమ్ కార్డు ఖరీదు వేల డాలర్లు. అమెరికాలో మనం సెల్ ఫోన్ ఊరికే ఇస్తామని వెంటబడే కంపెనీలను తప్పించుకు తిరుగుతున్న రోజులవి! 2010లో మయన్మార్‌లో వంద మందికి దాదాపు ఒక్క సెల్ ఫోను ఉండేది. యాంగోన్ వీధుల్లో చెట్టు కింద బల్ల వేసి, దాని మీద రెండు మూడు ల్యాండ్ ఫోన్లు పెట్టి, నిమిషానికి ఇంతని తీసుకునేవారు. మన ఎస్.టి.డి. బూతుకి గోడలు తీసేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

ఫోన్లు లేకపోవడం ఎంత ఖరీదైన వ్యవహారమో 2008 మే 2న తేలింది. ఆ రోజు నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాను ముంచేసింది. చనిపోయినవాళ్ళూ, ఆచూకీ తెలియనివాళ్ళూ కలిపి 1,38,000 మంది దాకా ఉంటారని అంచనా. భారత వాతావరణ శాఖ రెండు రోజుల ముందే మయన్మార్ ప్రభుత్వానికి హెచ్చరిక పంపింది. కబురు ప్రభుత్వం దాకా వచ్చింది, డెల్టాలోని గుడిసెల దాకా వెళ్ళలేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళకి, చూసినవాళ్ళ నోట విన్నవాళ్ళకి, ఆ మాట అర్థం ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు.

రెండేళ్ళలో దేశమంతా ఫోన్లు

2011లో పాలన కొంత సడలింది. 2013 ఏప్రిల్‌లో ఎం.పి.టి. మూడున్నర లక్షల సిమ్ కార్డులను 1,500 చాట్లకు, అంటే రెండు డాలర్ల లోపు ధరకి, లాటరీ పద్ధతిలో పంచింది. అదే ఏడాది జూన్‌లో నార్వే వాళ్ళ టెలినార్‌కీ, ఖతార్ వాళ్ళ ఊరెడూకీ పదిహేనేళ్ళ లైసెన్సులు దక్కాయి. 2014 ఆగస్టులో ఊరెడూ, ఆ అక్టోబరులో టెలినార్ యాంగోన్‌లో సేవలు మొదలుపెట్టాయి. సిమ్ ధర 1,500 చాట్లు! ఎం.పి.టి. కూడా జపాన్ కంపెనీలతో చేతులు కలిపి పోటీకి దిగింది. వియత్నాం భాగస్వామ్యంతో 2018లో మైటెల్ వచ్చింది.

తమాషా ఏమిటంటే, ఆ 2014లోనే మయన్మార్ ముప్పై ఏళ్ళ తరవాత జనాభా లెక్కలు తీసింది. అప్పటిదాకా ఆరు కోట్లు ఉంటారనుకున్న జనం సుమారు అయిదు కోట్ల పదిహేను లక్షలేనని తేలింది. ఎంతమంది ఉన్నారో తెలియకుండానే ఎంతమందికి టవర్లు కట్టాలో నిర్ణయించుకున్నారన్నమాట! అయినా పని జరిగింది. కరెంటు లేని పల్లెల్లో డీజిలు జనరేటర్ల మీద, సౌర పలకల మీద టవర్లు నిలబెట్టారు. ల్యాండ్ లైనూ, కంప్యూటరూ ఎరగని ఇంట్లోకి ఒకేసారి ఇంటర్నెట్ ఉన్న ఫోను వచ్చి కూర్చుంది.

ఈ వేగంలో దాగిన ఒక పాఠం ఉంది. మయన్మార్ లిపికి యూనికోడ్‌లో 1999లోనే చోటు దొరికింది. కానీ ఫోన్లు వరదలా వచ్చినప్పుడు వాటిలో ఎక్కువ భాగం "జోజీ" అనే వేరే ఫాంటు పద్ధతిలో వచ్చాయి. ఒకరు రాసింది ఇంకొకరి ఫోనులో చెత్తగా కనబడేది. 2019 అక్టోబరు 1న ప్రభుత్వమూ కంపెనీలూ ముహూర్తం పెట్టుకుని యూనికోడ్‌కి మళ్ళవలసి వచ్చింది. తెలుగులో మనమూ ఒక పత్రికకి ఒక ఫాంటు దించుకుని, ఆర్.టి.ఎస్.లో ఉత్తరాలు రాసుకున్న కాలం దాటి వచ్చినవాళ్ళమే. లక్షల సంఖ్యలో వస్తువులు జనం మధ్యకి వెళ్ళిపోయాక, మొదట్లో తీసుకున్న చిన్న నిర్ణయం కూడా రాతిమీద చెక్కినట్టే అవుతుంది. ఫోనంటే మూడేళ్ళకోసారి మారుస్తాం. గోడకి బిగించిన మీటరు పదేళ్ళకి పైగా అక్కడే ఉంటుంది.

పది లక్షల గొంతుకలు

ఇప్పుడు అసలు సాంకేతిక విషయానికి వద్దాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 5జి కోసం పెట్టిన లక్ష్యాల్లో ఒకటి: ఒక చదరపు కిలోమీటరులో పది లక్షల పరికరాలు. అంటే చదరపు మీటరుకి ఒకటి. 2023లో 6జి కోసం వేసిన చట్రంలో ఆ అంకె పది లక్షల నుంచి పది కోట్ల దాకా ఉంది. యాంగోన్ నడిబొడ్డున సూలే పగోడా చుట్టూ ఉన్న వీధుల్లో ఒక్కో మేడకీ ఇరవై మీటర్లు, ఒక్కో గదికీ రెండు మూడు పరికరాలు వేసుకుంటే ఆ లెక్క మరీ ఊహాలోకంలోది కాదు.

అయితే ఇందులో కష్టం ఏమిటి? డేటా ఎక్కువనా? కాదు. 5జి పరీక్ష లెక్కలో ఒక్కో పరికరం రెండు గంటలకోసారి 32 బైట్ల కబురు పంపుతుంది. పది లక్షల పరికరాలకి లెక్కవేస్తే సెకనుకి 139 కబుర్లు. అంతా కలిపినా సెకనుకి నాలుగున్నర వేల బైట్ల లోపే. మూడు ఫోను సంభాషణలకు పట్టేంత డేటా, అంతే!

కష్టం మాట్లాడడంలో లేదు, పలకరించడంలో ఉంది. టవరు నుంచి కిందికి కబురు పంపడం తేలిక. ఒకడు మైకులో మాట్లాడితే ఊరంతా వింటుంది. తుపాను హెచ్చరిక అలాంటిది. కింది నుంచి పైకి అలా కాదు. ఊరంతా ఒకేసారి మాట్లాడితే మైకు దగ్గర ఉన్నవాడికి ఏమీ వినబడదు.

ఈ సమస్యకి మొదటి పరిష్కారం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా నెట్‌వర్కు. దీవుల మధ్య తీగలు లేవు కాబట్టి రేడియో వాడారు. నియమం చాలా సింపుల్: చెప్పాల్సింది ఉంటే చెప్పెయ్. ఇంకొకరితో ఢీకొంటే, ఇంతసేపని లేకుండా కాసేపు ఆగి మళ్ళీ చెప్పు. ఈ పద్ధతిలో కాలంలో 18 శాతమే పనికొస్తుంది, మిగతాది గుద్దుకోవడాలకూ ఖాళీలకూ పోతుంది. పెళ్ళిలో ఎవరికి ఆకలైనప్పుడు వాళ్ళు విస్తరి పట్టుకుని వంటశాలలోకి దూరినట్టు! కాలాన్ని సమానమైన ముక్కలు చేసి, ముక్క మొదట్లోనే మాట్లాడాలంటే 37 శాతం దాకా వస్తుంది. అది బంతి భోజనం. బంతి లేచాకే ఇంకో బంతి. రెండు రెట్లు మెరుగైనా, ఎవరు ఏ ఆకు ముందు కూర్చుంటారో ఇంకా తోపులాటే.

నేటి ఫోన్లు కూడా టవరుని మొదటిసారి పలకరించేటప్పుడు ఆ పాత పద్ధతినే వాడతాయి. 4జి టవరు దగ్గర 64 పలకరింపు గుర్తులుంటాయి. పరికరం వాటిలోంచి చీటీ తీసినట్టు ఒకటి తీసి పంపుతుంది. ఇద్దరు ఒకే గుర్తు తీస్తే ఇద్దరికీ పని చెడవచ్చు. ఒకే క్షణంలో పది పరికరాలు చీటీలు తీస్తే, కనీసం ఇద్దరికి ఒకే గుర్తు పడే అవకాశం సగానికి పైనే. గుద్దుకోకుండా బయటపడ్డా, "నేనున్నాను", "నువ్వెవరు", "నేను ఫలానా", "సరే, నువ్వే" అంటూ నాలుగు మాటల మర్యాద నడవాలి. ఆ పైన తాళాలు, పత్రాలు. 32 బైట్ల కబురుకి ఇంత తతంగం. చారెడు బియ్యానికి బండెడు కాగితాలు!

ఇక యాంగోన్ సంగతి. అక్కడ రోజూ గంటల తరబడి కరెంటు కోతలు. కోత అయిపోయి కరెంటు వచ్చిన క్షణాన ఆ పేటలోని ప్రతి మీటరూ, ప్రతి కెమేరా, ప్రతి రౌటరూ ఒకేసారి కళ్ళు తెరిచి టవరుని పలకరిస్తే? సగటున సెకనుకి 139 కబుర్లన్న లెక్క ఆ నిమిషంలో చెల్లదు. ఇంజనీర్లు దీనికి కనిపెట్టిన మందు ఆసక్తికరమైనది. రద్దీ ఉన్నప్పుడు టవరు ఒక అంకెని చాటింపు వేస్తుంది. ప్రతి పరికరం తనలో తాను పాచిక వేసుకుని, ఆ అంకె దాటితే నోరు మూసుకుని కాసేపు ఆగుతుంది. పైగా సిమ్‌లలో కొన్ని తరగతులుంటాయి. భద్రతా దళాలు, నీరు-కరెంటు సంస్థలు, అత్యవసర సేవలు అనే తరగతులకి మామూలు జనం కంటే ముందు దారి ఇవ్వవచ్చు. అగ్నిమాపక దళానికి దారి ఇవ్వడం న్యాయమే. కానీ ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరు అసలే వద్దు అని చెప్పే మీట అక్కడ తయారైందని మాత్రం మరచిపోకూడదు.

మిగతా మందులు కూడా చెప్పుకోవాలి. 2016లో వచ్చిన ఎన్.బి.-ఐ.ఒ.టి. అనే ప్రమాణం 180 కిలోహెర్ట్జ్‌ల సన్నని దారిలో పనిచేస్తుంది. పరికరం చాలాకాలం నిద్రపోయి, లేచి, ఒకే కబురుని పదేపదే చెప్పి, మళ్ళీ పడుకుంటుంది. అలా చెప్పడం వల్ల మునుపటి 2జి డేటాకి కావలసిన దానిలో వందో వంతు బలహీనమైన సంకేతం కూడా వినబడుతుంది. బ్యాటరీ పదేళ్ళు రావాలన్నది లక్ష్యం. ఇక పలకరింపే లేకుండా నేరుగా కబురు పంపేస్తే, సంతలో కలగాపులగంగా వినబడే గొంతులను విడదీసినట్టు టవరే గణితంతో కబుర్లను విడదీసుకునే పద్ధతుల మీద 6జి పరిశోధన జోరుగా సాగుతోంది. 2017లో యూరీ పోల్యాన్స్కీ ప్రతిపాదించిన దారిలో అయితే, ఏ పరికరం ఏ కబురు పంపిందో టవరు తెలుసుకోనక్కరలేదు. వచ్చిన కబుర్ల జాబితా దొరికితే చాలు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. నా ఉద్దేశంలో ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

మీట నొక్కిన రోజు

2019 జూన్‌లో రఖైన్, చిన్ రాష్ట్రాల్లోని తొమ్మిది టౌన్‌షిప్పుల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. 2013 టెలికాం చట్టంలోని 77వ సెక్షను ప్రకారం కంపెనీలకి ఆదేశం వెళ్ళింది, కంపెనీలు పాటించాయి. యాంగోన్‌లో ఉన్నవాళ్ళలో చాలామందికి అది దూరపు సంగతి.

2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున సైన్యం మళ్ళీ గద్దె ఎక్కినప్పుడు అది దగ్గరి సంగతి అయింది. మొదట ఫోన్లూ ఇంటర్నెట్టూ తెగాయి. తరవాత రాత్రి ఒంటిగంట నుంచి పొద్దున తొమ్మిది దాకా ఇంటర్నెట్ కోత మొదలైంది. మార్చి 15న మొబైల్ డేటా ఆగింది. ఏప్రిల్ 2న వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ కూడా ఆగింది. ఫోనులోనే డబ్బు పంపుకోవడం అలవాటైన జనం ఏ.టి.ఎం.ల ముందు బారులు తీరారు. టెలినార్ తనకి వచ్చిన ఆదేశాల జాబితాను కొన్నాళ్ళు బయటపెట్టి, ఫిబ్రవరి 14 తరవాత అదీ ఆపేసింది. 2022లో ఆ కంపెనీ తన వ్యాపారాన్ని లెబనాన్‌కి చెందిన ఎం1 గ్రూపుకి అమ్మేసి వెళ్ళిపోయింది. కోటీ ఎనభై లక్షల మంది ఖాతాదారుల వివరాలు కూడా కంపెనీతోపాటు చేతులు మారాయి. అక్కడి హక్కుల కార్యకర్తలు భయపడింది అమ్మకం గురించి కాదు, ఆ వివరాల గురించి. 2024లో ఊరెడూ కూడా అమ్ముకుని వెళ్ళిపోయింది.

మేస్త్రీ లెక్క పుస్తకం సంగతి ఇక్కడ మళ్ళీ తలకెక్కుతుంది. కూలీకి కనబడని పుస్తకం, అతని బతుకంతా ఉన్న పుస్తకం, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంది. దానిమీద కూలీకి ఏ హక్కూ లేదు.

అయితే నెట్‌వర్కులే వద్దందామా? అలా అనడానికి నర్గీస్ ఒప్పుకోదు. 2023 మే 14న మోచా తుపాను సిట్వే దగ్గర తీరం దాటింది. చాలామందికి కబురు ముందే అందింది, చాలామందిని ముందే తరలించారు. టవర్లు కూలినా, ఆ పాటికి కొంత పని జరిగిపోయింది. 2025 మార్చి 28న మాండలే ప్రాంతాన్ని 7.7 తీవ్రతతో భూకంపం కుదిపినప్పుడు, ఎవరు బతికున్నారో తెలుసుకోవడానికి జనం మొదట తడుముకున్నది ఫోనే. ఏటిగట్టున నీటి మట్టం చెప్పే చిన్న గొట్టాలు వేలాదిగా ఉంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో మన కోనసీమ వాళ్ళకూ, ఐరావతి వాళ్ళకూ ఒకేలా తెలుసు. ఆ తుపానులు పుట్టే సముద్రం ఒకటే.

మన గోడ మీద మీటరు

ఇదంతా ఎక్కడో మయన్మార్ గోల, మనకెందుకు అనుకునేవారికి ఒక మాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను చితక్కొట్టాక, అక్కడి తొంభై వేలకు పైగా వీధి దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చి, వాటిని ఒక కేంద్రం నుంచి చూసుకునే ఏర్పాటు చేశారు. మంచి పని. 2021లో భారత ప్రభుత్వం 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని పథకం వేసింది. అందులో ఒకటి నేడో రేపో ఊళ్ళో మీ అమ్మానాన్నల గోడ మీదికి వస్తుంది, వచ్చేసి కూడా ఉండవచ్చు. అది కరెంటు ఎంత కాలిందో కొలవడమే కాదు, దూరం నుంచి కరెంటు ఆపనూ గలదు. ఇంట్లో ఎప్పుడు మనుషులున్నారో, ఎప్పుడు లేరో దాని లెక్కల్లోంచి ఊహించవచ్చు. లైన్‌మాన్ వచ్చి తీగ తీసేటప్పుడు కనీసం "బాబూ, రేపటిదాకా ఆగు" అని బతిమాలుకునే వీలుండేది. మీటరుతో ఎవరు బతిమాలుకుంటారు?

కాబట్టి ఇలాంటి ఏర్పాటు వచ్చినప్పుడు మనం అడగాల్సిన ప్రశ్నలు మూడని నాకు అనిపిస్తుంది. వీటికి ఇంజనీరింగు డిగ్రీ అక్కరలేదు.

ఒకటి, లెక్క పుస్తకం ఎవరి దగ్గర ఉంది, నా పేజీ నేను చూసుకోవచ్చా? 1930లో రేవు కూలీకి లేని హక్కు ఇదే.

రెండు, ఆపే మీట ఎవరి చేతిలో ఉంది, నొక్కే ముందు ఎవరికి జవాబు చెప్పాలి? మయన్మార్ చట్టంలో ఒక్క సెక్షను చాలింది. ఆపమన్న ఆదేశాన్ని రాతపూర్వకంగా బయటపెట్టాలనీ, కోర్టులో సవాలు చేయవచ్చనీ నియమం ఉంటే మీట అదే అయినా దాని బరువు వేరు.

మూడు, ఈ పరికరం పేరు చెప్పి తీరాలా? ఇక్కడే ఇందాక గుర్తుంచుకోమన్న మాట. బిల్లు వేసే మీటరు తానెవరో చెప్పక తప్పదు. వీధిలో వరద నీటిని కొలిచే గొట్టం తానెక్కడుందో చెబితే చాలు. బస్సు ఎంత నిండిందో చెప్పే పరికరానికి అందులో కూర్చున్నవాళ్ళ ఫోన్ల గుర్తులు అక్కరలేదు. కబురు వినడానికీ, కబురు పంపినవాణ్ణి పట్టుకోవడానికీ తేడా ఉందని ఇప్పుడు గణితమే చెబుతోంది. పది లక్షల గొంతుకల్లో ఎవరు ఎవరో తెలియకపోయినా ప్రతి కబురూ వినవచ్చు. ఇన్నాళ్ళూ "పేర్లు రాసుకోకపోతే నెట్‌వర్కు నడవదు" అని చెప్పినవారికి ఇకమీదట ఆ సాకు పూర్తిగా చెల్లదు.

6జి ప్రమాణాలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. 2030 ప్రాంతంలో అవి బజారులోకి వస్తాయని పరిశ్రమ అనుకుంటోంది. ఆ ప్రమాణాలు రాసే కంపెనీల్లో, వాటికి సాఫ్ట్‌వేరు రాసే గదుల్లో మన తెలుగువాళ్ళు తక్కువేమీ లేరు. ఈ సంచిక చదివేవారిలోనూ, వాళ్ళ పిల్లల్లోనూ కొందరుంటారు. బస్తాలు మోయడానికి రంగం వెళ్ళిన మనవాళ్ళకి లెక్క పుస్తకంలో ఏం రాయాలో చెప్పే అవకాశం ఎన్నడూ రాలేదు. మనకి వచ్చింది. సోమవారం పొద్దున డిజైను మీటింగులో "ఈ పరికరం ఐడెంటిటీ మనకి నిజంగా కావాలా?" అని ఒక్కసారి అడగడానికి పట్టేది అర నిమిషం.